రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంటీ పాడిన పాట ఏదో ఎవరైనా చెప్పగలరా? (అమ్మానాన్నల 50వ పెళ్ళిరోజు కోసం)

పార్సిలాఫీసు_అబ్బాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి. విజయవాడ రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం తప్పకుండా చదవండి, ఇది మీకోసమే.

వచ్చే నెలకి మా అమ్మానాన్నల పెళ్ళయి 50 ఏళ్ళు. 1975లో తెనాలి పక్కన పల్లెటూళ్ళో పెళ్ళి, అయిన కొద్ది రోజులకే నాన్నకి విజయవాడలో రైల్వే క్వార్టర్ వచ్చింది. పార్సిల్ ఆఫీసులో క్లర్కు. ఇప్పుడు ఇద్దరూ గుంటూరు బ్రాడీపేటలో మా దగ్గరే ఉంటున్నారు. పిల్లలందరం కలిసి ఇంట్లోనే చిన్న ఫంక్షన్ చేద్దామనుకుని, ఏం కావాలి నాన్నా అని అడిగితే, బట్టలొద్దు, ఉంగరాలొద్దు, ఆంటీ పాడిన ఆ పాట ఒక్కసారి పెట్టండ్రా అన్నారు. అమ్మ ఏమీ అనలేదు గానీ వంటింట్లోంచి గరిటె పట్టుకునే బయటికొచ్చి నిలబడింది. అంటే ఆవిడకీ అదే కావాలన్నమాట.

ఆంటీ అంటే మా పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ ఆవిడ. వాళ్ళాయన మెయిల్ డ్రైవరు. కాలనీలో అందరూ ఆవిణ్ణి పాటల దొరసాని అనేవాళ్ళు. మోకాళ్ళ కిందికి పూల గౌను, నోట్లో మాత్రం అచ్చం బెజవాడ తెలుగు. కూరగాయల బండి దగ్గర ఆవిడ బేరం మొదలెడితే బండివాడే దణ్ణం పెట్టి ఇచ్చేసేవాడు. మా అమ్మ చేసే కాకరకాయ వేపుడంటే ప్రాణం పెట్టేది, గిన్నెలో వేపుడు వెళ్ళేది, అదే గిన్నెలో క్రిస్మస్‌కి ప్లమ్ కేకు వచ్చేది. నాకు ఆ కేకు వాసన తప్ప ఆవిడ గొంతు గుర్తులేదు, అప్పటికి నేను మరీ చిన్నవాణ్ణి.

అసలు సంగతి. 1975 డిసెంబరులో, పెళ్ళయిన ఏడే, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే రైల్వే ఉద్యోగుల క్లబ్బులో, క్రిస్మస్ డాన్సు జరుగుతుంటే నాన్న అమ్మని తీసుకెళ్ళారట. లోపలికి కాదు, కిటికీ దగ్గరికి. అప్పటికి పెళ్ళయి ఏడు నెలలైనా అమ్మ నాన్నతో "ఏమండీ", "అన్నం పెట్టనా" తప్ప మూడో మాట మాట్లాడేది కాదట. లోపల ఆంటీ జాజ్ పాటలు పాడుతోంది, వెనక గిటారు, డ్రమ్ములు, ఒక సాక్సఫోన్. పాడుతూ పాడుతూ కిటికీలో వీళ్ళిద్దరినీ చూసి, చెయ్యి చాచి "మా కొత్త పెళ్ళికూతురు వచ్చింది, ఇది దానికి" అని తెలుగులో చెప్పి ఒక పాట ఎత్తుకుందట. మధ్యలో మాటలు వదిలేసి "దూబి దూబి దబ దూదా" అని ఏదేదో పాడుతుంటే అమ్మకి నవ్వాగలేదు. పగలబడి నవ్విందట, పక్కనున్నవాళ్ళంతా చూస్తున్నా సరే. మా పెళ్ళి ఆ రోజయిందిరా, ముందు జరిగింది ముహూర్తం అంటారు నాన్న.

ఆ పాట ఏదో కావాలి నాకు. నాన్నకి రాగం గుర్తుంది అంటారు గానీ ఆయన ఏది పాడినా ఒకేలా ఉంటుంది. ఫోన్లో హమ్ చేస్తే పాట వెతికిపెట్టేది ఉంది కదా, మూడుసార్లు పాడిస్తే మూడు వేరే వేరే పాటలు చూపించింది, అందులో ఒకటి చైనా పాట. అమ్మకి ఆ దూబి దూబి తప్ప ఇంకేం గుర్తులేదు. ఆంటీవాళ్ళు ఎనభైల్లో క్వార్టర్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఆస్ట్రేలియా వెళ్ళారని కొందరు, లేదని కొందరు అన్నారు, తర్వాత సంబంధాలు లేవు. ఆవిడ ఇప్పుడు లేరని మాత్రం విన్నాం.

జాజ్ తెలిసినవాళ్ళు గానీ, ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు గానీ ఎవరైనా సాయం చేయండి ప్లీజ్. మూడు వారాలే టైముంది, టెన్షన్‌గా ఉంది.

బెంజిసర్కిల్_బాబాయ్:

జాజ్ ఏంటి నాయనా, యాభయ్యేళ్ళ పెళ్ళిరోజుకి? వచ్చేది పెద్దవాళ్ళు, వాళ్ళకి అర్థం కావద్దూ? ఘంటసాల పాటలు ఒక ఇరవై పెట్టు, సరిపోతుంది. గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టిన మనవాణ్ణి వదిలేసి ఎక్కడో అమెరికా పాటలు వెతుక్కుంటూ పోవడం దేనికి. అయినా నీ ఇష్టం. భోజనాలు ఎవరికిచ్చావు? బ్రాడీపేటలో నాకు తెలిసిన వంటమేస్త్రి ఉన్నాడు, గోంగూర బ్రహ్మాండంగా చేస్తాడు, కావాలంటే చెప్పు.

రోజూ_పినాకిని:

నాకు ఏమీ తెలియదు గానీ ఆ పాట దొరికితే ఇక్కడ చెప్పండి అన్నా. గరిటె పట్టుకుని నిలబడిన అమ్మగారి దగ్గర ఆగిపోయా నేను.

షెడ్డు_కాలనీ_అక్క:

బాబూ, నువ్వు పార్సిల్ ఆఫీసు మేస్టారి అబ్బాయివా? రెండోవాడివా? నిన్ను నేను ఎత్తుకున్నాను. మాది మీకు ఎదురు లైను, మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. ఈ పోస్టు మా తమ్ముడు పంపాడు, చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను.

ముందు బెంజిసర్కిల్ బాబాయ్ గారికి ఒక మాట. ఘంటసాల గారు పోయింది 1974 ఫిబ్రవరి 11న. ఆ రోజు గుణదల మేరీమాత తిరనాళ్ళు, ప్రతి ఏడూ 9, 10, 11 తారీఖుల్లో జరుగుతాయి కదా. ఆంటీ పొద్దున్నే కొండకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మా వరండాలో రేడియో చుట్టూ జనం, మా అమ్మ ఏడుస్తోంది. ఏమైందని అడిగి, విని, చేతిలో కొవ్వొత్తుల పొట్లం అలాగే పట్టుకుని మెట్ల మీద కూలబడిపోయింది. ఆ రాత్రి వాళ్ళింట్లోంచి ఘంటసాల పాట వినపడింది. ఆవిడే పాడుతోంది, మాటలు సగం తప్పు, కానీ పాట సాగే తీరు మాత్రం ఆవిడది, ఒక్కో మాట దగ్గర కాస్త ఆగి, వెనకబడి, మళ్ళీ వచ్చి కలుసుకుంటూ. మా నాన్నకి సంగీతం అంటే చెవి కోసుకుంటారు, ఇదేం పాడటమే, అన్యాయంగా ఉంది అంటూనే పాట అయ్యేదాకా లైటు కూడా వేయనివ్వలేదు. కాబట్టి ఆ మనిషి దగ్గర ఘంటసాలకీ జాజ్‌కీ తగువు లేదండీ.

ఆంటీకి ఈ పాటలు ఎలా వచ్చాయో కూడా చెబుతాను. 1966 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేదాకా మనది మద్రాసు కింద సదరన్ రైల్వేయే. పాసు రాయించుకుని మద్రాసు వెళ్ళడం, మూర్ మార్కెట్లో పాత రికార్డులు ఏరుకుని తెచ్చుకోవడం ఆవిడకి అలవాటు. మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయినప్పుడు ఎవరో చుట్టాలు పోయినట్టు బాధపడింది. రాత్రిపూట షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేది, నెమ్మదిగా ఒక్కో మాటా విడగొట్టి ఇంగ్లీషు మాట్లాడే ఒకాయన జాజ్ పాటలు వేసేవాడు. గరగర శబ్దంలో ఆవిడ ఏం వినేదో గానీ మర్నాడు పొద్దున బట్టలు ఆరేస్తూ అదే పాడేది.

అంకుల్ సంగతి కూడా రాయాలి, ఆయన లేకుండా ఆవిడ కథ లేదు. ఆయనకి పాట రాదు, డాన్సు రాదు, ఇన్‌స్టిట్యూట్‌లో వెనక కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపి చూసేవాడు. గూడూరు వైపు నుంచి బండి తెచ్చేటప్పుడు కృష్ణా కెనాల్ దాటి వంతెన మీదికి రాగానే విజిల్ కొట్టేవాడు, రెండు పొడుగు, ఒక పొట్టి, ఆ పొట్టిది చివర్లో కాస్త వంకరగా పైకి లేచేది. కాలనీలో పిల్లలందరికీ ఆ విజిల్ తెలుసు. ఆంటీ ఎక్కడున్నా, ఎవరితో మాట్లాడుతున్నా, సగంలో ఆపేసి లోపలికెళ్ళి స్నానానికి నీళ్ళు పెట్టేది. ఆయన లైన్ బాక్స్ (డ్యూటీ సామాన్ల పెట్టె) మోయించుకుని ఇంటికి చేరేసరికి నీళ్ళు కాగేవి. ఒకసారి మా అమ్మ అడిగింది, రోజూ ఇన్ని బండ్లు కూస్తాయి, నీకెలా తెలుస్తుందే అని. "మీ ఆయన దగ్గు మీకు తెలీదా అక్కా" అంది.

పాట ఏదో మాత్రం నాకు తెలియదు నాన్నా. అన్నీ ఇంగ్లీషు పాటలే, మాకు అన్నీ ఒకటే. మీ అమ్మకి నా నమస్కారాలు చెప్పు, ఎదురు లైను ఫిట్టరు గారి పెద్దమ్మాయి అంటే గుర్తుపడుతుంది.

అరండల్‌పేట_గిటార్:

నేను గుంటూరులో పిల్లలకి గిటార్ నేర్పుతాను, జాజ్ అంటే పిచ్చి, ఇక్కడ మాట్లాడేవాళ్ళు దొరకరు, అందుకని ఎక్కువ రాస్తే క్షమించండి.

బ్రదర్, మీ అమ్మగారికి గుర్తున్న దూబి దూబి పాటలోది కాకపోవచ్చు. దాన్ని స్కాట్ అంటారు. మాటలు లేకుండా గొంతునే వాద్యంలాగా వాడటం. 1926లో అమెరికా జాజ్ గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక రికార్డింగులో పాట రాసిన కాగితం కింద పడిపోతే ఆపకుండా నోటికొచ్చిన శబ్దాలు పాడేశాడని ఒక కథ చెబుతారు. అంతకు ముందు కూడా అలా పాడినవాళ్ళు ఉన్నారు గానీ జనంలోకి వెళ్ళింది దానితోనే. ఇంకా గొప్పది జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ సంగతి. 1960లో బెర్లిన్ కచేరీలో పాట సగంలో మాటలు మర్చిపోయింది, మర్చిపోయానని పాటలోనే చెప్పేసి, అప్పటికప్పుడు సొంత మాటలు అల్లి, ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుని అనుకరించి పాట పూర్తి చేసింది. దానికే గ్రామీ ఇచ్చారు.

మన పద్ధతిలో చెప్పాలంటే కృతి త్యాగరాజుది, కల్పనస్వరం పాడేవాళ్ళది. ఈ రోజు వేసిన స్వరం రేపు ఉండదు. జాజ్‌లోనూ అంతే, అందరూ పాడే పాటలు కొన్ని వందలు ఉంటాయి, స్టాండర్డ్స్ అంటారు, ఎక్కువగా 32 బార్లు (బార్ అంటే మన ఆవర్తనం లాంటిది), ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు, మూడో ముక్క వేరే దారి పట్టి నాలుగో ముక్కలో మళ్ళీ ఇంటికొస్తుంది. బ్లూస్ అయితే 12 బార్లు. ఆ చట్రం మీద ఎవరి మనోధర్మం వాళ్ళది. అక్క చెప్పిన "వెనకబడి మళ్ళీ వచ్చి కలుసుకోవడం" ఉంది చూశారూ, జాజ్ గాయని పనే అది. తాళం ఎక్కడుందో తెలిసి కావాలని కాస్త ఆలస్యంగా రావడం. ఆవిడ నిజంగా పాడగలిగిన మనిషి అని నాకు ఆ ఒక్క వాక్యంతో అర్థమైపోయింది.

అంటే ఏంటంటే, కిటికీలో ఇద్దర్నీ చూసి ఆవిడ పాడిన ఆ ముక్క ఆ రాత్రి పుట్టి ఆ రాత్రే పోయింది. మీరు పాట కనిపెట్టి ఎల్లా పాడింది పెట్టినా అమ్మగారు "ఇది కాదు" అంటారు, చూడండి.

అయినా ప్రయత్నించాలంటే నాన్నగారి చేత పాడించకండి, బల్ల మీద తాళం వేయించండి. రాగం పోయినా లయ గుర్తుంటుంది చాలామందికి. వీడియో తీసి పంపండి. ఇంకో మాట, ఫంక్షన్‌లో జాజ్ పెడితే చప్పట్లు 2, 4 దెబ్బల మీద కొట్టాలని చెప్పండి, మనవాళ్ళు 1, 3 మీద కొడతారు, భజనలాగా తయారవుతుంది.

బెంజిసర్కిల్_బాబాయ్:

అమ్మా షెడ్డు కాలనీ, ఆ 1974 సంగతి నాకు తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పాట వెతకండి.

వంటమేస్త్రి మాట మాత్రం అలాగే ఉంది.

పార్సిలాఫీసు_అబ్బాయి:

అక్కా, నేను రెండోవాణ్ణే. మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. విజిల్ దగ్గరికి రాగానే నాన్న "రెండు పొడుగు, ఒక పొట్టి" అని నాకంటే ముందే అనేశారు. అమ్మ మీ నంబరు కావాలంటోంది, విడిగా మెసేజ్ చేస్తాను.

గిటార్ సార్, మీరు చెప్పినట్టే తాళం వేయించాను. నాన్న వేశారు, అమ్మ అలాక్కాదు అని చెయ్యి పట్టుకుని ఆపి తను వేసింది. రెండూ పంపాను. నిజం చెప్పాలంటే మీ పోస్టు చదివాక కొంచెం నీరుగారిపోయాను. కానీ మీరు చెప్పింది నాన్నకి చెబితే ఆయనకి మాత్రం తెగ సంతోషం, "అయితే అది మాకోసమే కట్టిందన్నమాట" అని రెండు రోజులుగా కనపడినవాళ్ళకల్లా చెబుతున్నారు.

ఇంకో సంగతి. నాన్న ఇప్పుడు అంటున్నారు, 1982 ప్రాంతంలో మా మావయ్య కువైట్ నుంచి టూ ఇన్ వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసినది) తెచ్చినప్పుడు ఆంటీని మా వరండాలో కూర్చోబెట్టి ఒక కాసెట్ రికార్డు చేశాం అని. ఈ మాట ముందు చెప్పొద్దా! అటక మీద ట్రంకు పెట్టె దింపితే నలభై దాకా కాసెట్లు ఉన్నాయి, సగం వాటి మీద పేర్లు చెరిగిపోయాయి, తెల్లటి బూజు పట్టి ఉన్నాయి. వీటిని ఎలా వినాలి? బజార్లో ఒక షాపులో ఇస్తే ఒక కాసెట్ మిషన్లో వేసి నలిపేసి ఇచ్చాడు. మిగతావి ఇవ్వాలంటే భయంగా ఉంది.

పాత_టేపుల_డాక్టర్:

ఆగండి ఆగండి, ఇంక ఏదీ ఎక్కడా వేయకండి.

ఆ తెల్లటిది ఫంగస్. టేప్‌రికార్డర్‌లో అలాగే వేస్తే హెడ్‌కి అంటుకుని మిగతా కాసెట్లకీ పాకుతుంది, టేపు ఇరుక్కుని తెగుతుంది కూడా. కాసెట్‌కి నాలుగు మూలలా, మధ్యలో స్క్రూలు ఉంటే అదృష్టం, విప్పి టేపు చుట్టలు రెండూ అలాగే తీసి వేరే మంచి కాసెట్ డబ్బాలో పెట్టొచ్చు. స్క్రూలు లేకుండా అతికించినదైతే జాగ్రత్తగా అంచు వెంట విడదీయాలి. లోపల టేపు వెనక చిన్న రాగి రేకు మీద స్పాంజి ముక్క ఉంటుంది, పాతవాటిలో అది ఊడిపోతుంది, అప్పుడు శబ్దం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. చాలామంది టేపు పాడైందనుకుని పారేసేది దీనికే. కొత్త ముక్క అతికిస్తే చాలు. బూజుని పొడిగా, మెత్తని గుడ్డతో, ముక్కుకి మాస్కు పెట్టుకుని తుడవాలి. హెడ్ మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ప్రతి కాసెట్‌కీ ఒకసారి. వినే ముందు ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ చేతితో తిప్పండి, ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయి. పెన్సిల్‌తో తిప్పేవాళ్ళం గుర్తుందా, అదే.

ప్లేయర్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కి తీసుకుని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయండి, ఉచితమే. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలు, 24 బిట్. శుభ్రం చేయడం తర్వాత, ముందు ఉన్నది ఉన్నట్టు ఒక కాపీ దాచండి. ఉత్సాహంకొద్దీ హిస్ (టేపు వెనక వచ్చే బుస శబ్దం) తీసేయబోయి గొంతు కూడా తీసేసినవాళ్ళని చాలామందిని చూశాను.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఒక కాసెట్ మీద తర్వాత వేరేది రికార్డు చేసి ఉంటే పాతది తిరిగి రాదు, రికార్డు నొక్కగానే ముందున్న ఎరేజ్ హెడ్ దాన్ని తుడిచేసుకుంటూ పోతుంది. కానీ జనం సాధారణంగా టేపు చివరిదాకా రికార్డు చెయ్యరు. ఆపినచోటి తర్వాత పాతది అలాగే మిగిలి ఉంటుంది. కాబట్టి మీకు అనవసరం అనిపించిన కాసెట్ కూడా రెండు వైపులా ఆఖరిదాకా వినండి. సి 60 అయితే ఒక వైపు అరగంట, సి 90 అయితే ముప్పావు గంట. ఓపిక పట్టండి.

షెడ్డు_కాలనీ_అక్క:

మీ అమ్మతో గంటన్నర మాట్లాడాను. ఆమె అడిగింది కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నా, వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళలేదు. పిల్లలిద్దరూ పెర్త్ వెళ్ళారు, రమ్మని ఎన్నిసార్లు పిలిచినా వీళ్ళు కదల్లేదు. అంకుల్ రిటైరయ్యాక గుణదలలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. నేను పెళ్ళయ్యి సత్యనారాయణపురం వచ్చాక అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. (అప్పుడు మా ఇంటి ముందు నుంచి రైలు పట్టాలుండేవి, ఇప్పుడు అదంతా బీఆర్‌టీఎస్ రోడ్డు.)

ఆవిరి ఇంజన్ల మీద అన్నేళ్ళు నిలబడినవాళ్ళకి వచ్చేదే ఆయనకీ వచ్చింది, చెవులు పోయాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది. మిషన్ పెట్టుకుంటే అన్నీ గోలగా వినపడుతున్నాయని తీసి డ్రాయర్లో పడేశాడు. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆంటీ గిటారు పట్టుకుని పాడుతోంది, ఎదురుగా ఆయన ముందుకి వంగి గిటారు చెక్క మీద అరచేయి ఆనించి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆంటీ ఆపలేదు. పాట అయ్యాక ఆయన చెయ్యి తీసి "టుడే యు ఆర్ లేట్" అన్నాడు, ఆవిడ "లేట్‌గా రావడమే కదా పాట" అని తెలుగులో అంది, ఆయనకి వినపడకపోయినా. గిటార్ అబ్బాయి రాసింది చదివాక ఇన్నేళ్ళకి ఆ మాట నాకు అర్థమైంది.

ఆయన ముందు పోయాడు. ఆ తర్వాత ఆవిడ రెండేళ్ళుంది. పాడటం మానలేదు, అందరూ మానేసిందనుకుంటారు. చర్చిలో పాడింది, మా అమ్మాయి పెళ్ళిలో పాడింది, భజంత్రీల నాదస్వరం ఆయన్ని ఇంకాస్త వాయించమని ఆయనతో పోటీ పడి పాడింది.

అరండల్‌పేట_గిటార్:

అక్కా, ఆ మాట మా క్లాసులో గోడ మీద రాసుకుంటాను, అనుమతి ఇవ్వండి.

పార్సిలాఫీసు బ్రదర్, వీడియోలు చూశాను. నాన్నగారు వేసింది నాలుగు దెబ్బల తాళం, సరిగ్గా ఉంది, ఏ పాటకైనా సరిపోతుంది, అందువల్ల ఉపయోగం లేదు. అమ్మగారు మాత్రం దెబ్బల మధ్యలో చిన్న ఊపు ఇస్తున్నారు, టా... కట, టా... కట అని, అది స్వింగ్. నా దగ్గరకొచ్చే పిల్లలకి అది రావడానికి ఆరు నెలలు పడుతుంది. 50 ఏళ్ళ కింద ఒక్క రాత్రి కిటికీ దగ్గర విన్నది చేతిలో అలా ఉండిపోయింది. పాట పేరు మాత్రం చెప్పలేను, సారీ.

పార్సిలాఫీసు_అబ్బాయి:

అందరికీ, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఫంక్షన్ మొన్ననే అయింది.

టేపుల డాక్టర్ గారు, మీరు చెప్పినట్టే చేశాను. మా ఆవిడ, నేను కలిసి పదకొండు రాత్రులు ముప్పై ఎనిమిది కాసెట్లు విన్నాం. హరికథలు, సినిమా పాటలు, మా తాతయ్య ఎవరినో తిట్టడం, ఒకదాన్నిండా గురక (ఎవరిదో తేలలేదు, ఇంట్లో పెద్ద గొడవే అయింది). "పిల్లలవి" అని రాసి ఉన్న కాసెట్‌ని ఆఖరికి పెట్టాం. సి 60. రెండో వైపు నేను ఎక్కాలు చెబుతున్నాను, ఏడేళ్ళుంటాయేమో, రెండో ఎక్కం దగ్గర్నుంచి ఊదరగొడుతున్నాను. పదమూడో ఎక్కం అయింది, టక్కున శబ్దం, అంతే.

ఆ టక్కు తర్వాత ఆవిడ గొంతు వచ్చింది.

నలభై సెకన్లు కూడా లేదు. పాట మధ్యలోంచి మొదలవుతుంది, ముందున్నదంతా నా ఎక్కాల కింద పోయింది. అరగంట పాట, నేనే తుడిచేశాను. గొంతు నేననుకున్నట్టు తియ్యగా లేదు, కాస్త బొంగురు, కింద స్థాయిలో. రెండు లైన్లు ఇంగ్లీషు, నాకు మాటలు సరిగ్గా తెలియలేదు, తర్వాత స్కాట్. వెనక మా కుక్కరు విజిల్ వేస్తుంది, ఆవిడ ఆపకుండా ఆ విజిల్ని కూడా అదే శ్రుతిలో అందుకుని పాటలో కలిపేసి నవ్వుతుంది. నాన్న దగ్గు వినపడుతుంది. టేపు అయిపోతుంది.

మా ఆవిడ నా మొహం చూసి లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. రాత్రి రెండయింది.

ఫంక్షన్‌కి ఒక అరవై మంది వచ్చారు. (బాబాయ్ గారూ, మీ వంటమేస్త్రికే ఇచ్చాం, గోంగూర నిజంగానే బాగుంది, కారం మాత్రం గుంటూరు వాళ్ళకి కూడా ఎక్కువైంది.) అక్క సత్యనారాయణపురం నుంచి వచ్చారు, గిటార్ సార్ ఇద్దరు స్టూడెంట్లతో వచ్చి వాయించారు, చప్పట్లు భజనలాగే అయ్యాయి. దండలు మార్చుకున్నాక స్పీకర్లో పెట్టాను. ఎక్కాలు కోసేసి పాట ఒక్కటే పెడదామనుకున్నాను గానీ పదమూడో ఎక్కం నుంచే పెట్టమని మా అక్క పట్టుబట్టింది.

నాన్న వినగానే "అదే పాట" అన్నారు. అమ్మ "కాదండీ, ఇది వేరే" అంది. అయిదు నిమిషాలు వాదించుకున్నారు మైకు ముందే, అందరూ వింటుండగా. రెండోసారి పెట్టాం, మూడోసారి పెట్టాం. కుక్కరు విజిల్ దగ్గర షెడ్డు కాలనీ అక్క ఏడ్చారు, అమ్మ నవ్వింది, నాన్న చెప్పిన ఆ పగలబడి నవ్వడం ఎలా ఉంటుందో నేను అప్పుడు చూశాను. ఇద్దరూ తింటూ తింటూ మళ్ళీ అదే వాదన. ఇంకా తేలలేదు, ఈ పొద్దున కాఫీ దగ్గర కూడా నడిచింది.

నాలుగోసారి అయ్యాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. నేనేదో అంటుందనుకుని వంగాను. "పదమూడేడులు తొంభై ఒకటిరా, తొంభై మూడు అన్నావు" అంది.

అక్కా, గుణదలలో ఆంటీ, అంకుల్ సమాధులు పక్కపక్కనే ఉన్నాయని చెప్పారు కదా, ఎక్కడో గుర్తులు సరిగ్గా మెసేజ్ చేయండి. ఆదివారం అమ్మానాన్నల్ని తీసుకుని వస్తాను. పూలు తీసుకుంటాం గానీ, అమ్మ కాకరకాయ వేపుడు కూడా చేస్తానంటోంది. స్టీలు గిన్నె అక్కడే వదిలేసి రావొచ్చా, కాపలా ఆయన ఏమైనా అంటారా?